పసుపు కొమ్ముకు క్రోమ్ రంగు: గ్రాముల కల్తీతో బస్తాలకు ముప్పు

పసుపు యార్డుల్లో కొమ్ముకు ధర కట్టేవారి చూపు మొదట పడేది రంగు మీదనే. విరిచి లోపలి ఛాయ చూసే ఖరీదుదారు సైతం పై మెరుపు చూసిన తర్వాతనే బస్తాలో చెయ్యి పెడతాడు. ఈ అలవాటును ఆసరా చేసుకొని పసుపు వర్తకంలో చొరబడిన వస్తువు లెడ్ క్రోమేట్. రంగుల బజారులో దీని పేరు క్రోమ్ ఎల్లో. రోడ్ల మీద గీతలకు, యంత్రాల పెయింట్లకు, ప్లాస్టిక్‌కు ఉద్దేశించిన రంగు ఇది.

సీసం, క్రోమియం కలిసిన ఈ లవణం తూకంలో నూటికి 64 వంతులు సీసమే. నీటి కంటే ఆరు రెట్లు బరువు. సీసపు నైట్రేటు ద్రావణంలో సోడియం డైక్రోమేటు ద్రావణం పోస్తే పచ్చని మడ్డి అడుగుకు దిగుతుంది. దానిని వడగట్టి, కడిగి, ఆరబెట్టి నూరితే రంగు సిద్ధం. తయారీలో పాళ్లు మార్చి నిమ్మపండు ఛాయ నుంచి నారింజ దాకా తీస్తారు. పసుపు సహజ వర్ణం ఎండకు వెలుస్తుంది. ఇది అంత త్వరగా వెలవదు. కల్తీదారుకు నచ్చే గుణం అదే.

నీటిలో కరగదు గనుక కడుపులో నుంచి అలాగే పోతుందనుకుంటే పొరపాటు. జీర్ణాశయంలోని ఆమ్లం సీసాన్ని విడదీస్తుంది. అది రక్తంలో చేరి, ఎముకల్లో ఏళ్ల తరబడి నిలుస్తుంది. పసిపిల్లల మెదడు ఎదుగుదలకు అది చేసే చెరుపు మళ్లీ సరికాదు. ఇందులోని క్రోమియం క్యాన్సర్ కారకాల జాబితాలో ఉన్న రకం. దీని ధూళిని అందరికంటే ముందు పీల్చేది పాలిష్ డ్రమ్ము దగ్గర పనిచేసే కూలీ, మర మనిషి.

వర్తకులు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. మన దేశంలో పసుపులో సీసానికి చట్టం విధించిన పరిమితి కిలోకు 10 మిల్లీగ్రాములు. పొడిలో లెడ్ క్రోమేట్ అయితే పరీక్షకు బొత్తిగా అందరాదు. క్వింటాలుకు గ్రామున్నర పైచిలుకు ఈ రంగు పడితే చాలు, సీసం పరిమితి దాటిపోతుంది. అంటే చిటికెడు. 2020 డిసెంబరు నుంచి 2021 మార్చి వరకు భారత్, పాకిస్థాన్, శ్రీలంక, నేపాల్ దేశాల్లోని 23 నగరాల్లో సేకరించిన మచ్చులను పరిశోధకులు పరీక్షించగా, పాట్నా, కరాచీ, పెషావర్ సరకులో కిలోకు 1000 మిల్లీగ్రాములకు మించిన సీసం కనిపించింది. క్వింటాలుకు 150 గ్రాములకు పైబడి రంగు పడితేనే ఆ అంకె వస్తుంది. నేలలో నుంచి వచ్చే సీసం ఆ దరిదాపులకు రాదు.

బంగ్లాదేశ్‌లో ఈ పద్ధతి 1980ల నాటిది. వరదల్లో తడిసి, రంగు మాసిన కొమ్ములకు మెరుపు తెచ్చేందుకు మొదలై, తర్వాత మంచి సరకుకూ పాకింది. 2019లో పరిశోధన ఫలితాలు బయటపడగానే అక్కడి ఆహార భద్రతా సంస్థ వర్తకులకు హెచ్చరికలు పంచి, ఢాకాలోని శ్యామ్‌బజార్ టోకు మార్కెట్‌పై దాడి చేసింది. ఇద్దరు టోకు వర్తకులకు 8 లక్షల టాకాల జరిమానా పడింది. 2019లో బజారు మచ్చుల్లో నూటికి 47 వాటిలో సీసం కనిపించగా, 2021 నాటికి ఒక్కదానిలోనూ లేదు. ముప్పై ఏళ్ల అలవాటు రెండేళ్లలో పోయింది. రంగు లేని కొమ్మును కొనేవారు లేకపోలేదు కూడా.

నిజామాబాద్, దుగ్గిరాల సరకు దూర ప్రాంతాల మరలకు వెళ్లేది. దారిలో చేతులు మారిన చోటల్లా మరో పాలిష్ డ్రమ్ము తగలవచ్చు. పంపే ప్రతి లాటు నుంచి మచ్చు తీసి, ఉభయుల ముద్ర వేసి అట్టే పెట్టుకుంటే తర్వాత వచ్చే తగాదాలో అదే సాక్ష్యం. మెరుగు కోసం చివరి తిప్పుడులో పసుపు పొడినే నీళ్లలో కలిపి చల్లడం పాత పద్ధతి. దానిలో దోషం లేదు.

కొమ్మును నీళ్లలో వేయగానే రంగు చిక్కగా వదిలితే అనుమానించాలి. అయితే అది అనుమానమే, రుజువు కాదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి చూసే పరీక్ష మెటానిల్ ఎల్లోకు పనికివస్తుంది గాని దీనిని పట్టదు. పొడిని కాల్చిన బూడిదను పలుచని గంధకామ్లంలో కరిగించి, వడగట్టి, డైఫినైల్ కార్బజైడ్ చుక్కలు వేస్తే గులాబీ రంగు తిరగడం లెడ్ క్రోమేట్‌కు గుర్తు. ఎక్స్‌రే కిరణాలతో సీసం పాలు చెప్పే చేతి యంత్రాలకు కొద్ది నిమిషాలు చాలు.

ఎగుమతిదారులకు ఇంకో మెలిక ఉంది. ఐరోపా కూటమి 2021లో దుంప జాతి సుగంధ ద్రవ్యాలకు సీసం పరిమితిని కిలోకు 1.5 మిల్లీగ్రాములుగా పెట్టింది. ఇక్కడి పరీక్షలో 5 మిల్లీగ్రాములు వచ్చి నెగ్గిన లాటు అక్కడి రేవులో తిరుగుముఖం పట్టవచ్చు. ఒప్పందం రాసేటప్పుడే ఏ దేశపు పరిమితి వర్తిస్తుందో, ఏ ప్రయోగశాల నివేదిక చెల్లుతుందో, వాపసు వస్తే రానూపోనూ కిరాయి ఎవరు భరించాలో తేల్చుకోవాలి.