సొట్టకు క్లెయిమ్ వేసే ముందు

మన దేశంలో కారు ఇన్సూరెన్సు ప్రీమియంలో రెండు భాగాలుంటాయి. మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి కట్టేది థర్డ్ పార్టీ ప్రీమియం. దాన్ని కేంద్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది, మనం ఎంత జాగ్రత్తగా నడిపినా మారదు. మన బండికి జరిగే నష్టానికి కట్టేది ఓన్ డ్యామేజ్ ప్రీమియం. మన పాత క్లెయిములు లెక్కలోకి వచ్చేది ఇక్కడే. ఏడాదంతా క్లెయిమ్ వేయకపోతే రెన్యువల్‌లో 20 శాతం తగ్గిస్తారు. వరుసగా రెండేళ్లకు 25, మూడేళ్లకు 35, నాలుగేళ్లకు 45, ఐదేళ్లకు 50 శాతం. మధ్యలో ఒక్క క్లెయిమ్ పడితే మళ్లీ సున్నా నుంచి మొదలు. ఇదే నో క్లెయిమ్ బోనస్.

ఇలా మెట్టుమెట్టుగా ఎందుకు పెంచుతారు? ఊహకు ఒక లెక్క వేద్దాం. ఏడాదికి ప్రమాదం జరిగే అవకాశం 5 శాతం ఉన్న నెమ్మదస్తులు వెయ్యిమంది, 15 శాతం ఉన్న దూకుడు మనుషులు వెయ్యిమంది ఉన్నారనుకోండి. మొదటి ఏడాది క్లెయిమ్ లేకుండా గట్టెక్కేది నెమ్మదస్తుల్లో 950 మంది, దూకుడువాళ్లలో 850 మంది. అంటే ఒక్క ఏడాది చూసి ఎవరు ఎవరో దాదాపు ఏమీ తేల్చలేం. ఐదేళ్లపాటు క్లెయిమ్ లేకుండా మిగిలేది అటు సుమారు 774 మంది, ఇటు 444 మంది. ఇప్పుడు కాస్త తేడా తెలుస్తోంది. అయినా మిగిలినవారిలో మూడో వంతుకు పైగా దూకుడువాళ్లే! అదృష్టం, స్వభావం అంతగా కలగలిసిపోయి ఉంటాయి. అందుకే కంపెనీ తన నమ్మకాన్ని ఏడాదికి కొంచెం చొప్పున పెంచుతుంది.

పెంచడంలో చూపిన ఈ ఓపిక తుంచడంలో లేదు. అదే లెక్కలో, ఐదేళ్లు శుభ్రంగా నడిపి ఆరో ఏట క్లెయిమ్ వేసినవారిలో మూడో వంతుకు మించి నెమ్మదస్తులే ఉంటారు. వాళ్లకూ బోనస్ మొత్తం పోతుంది. తప్పు ఎవరిదన్న ప్రశ్నే రాదు. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు పొంగినప్పుడు ఇంటి ముందు ఆపిన కార్లు మునిగాయి. డ్రైవింగుకూ దానికీ సంబంధం లేదు. కానీ బోనస్‌ను కాపాడే ప్రత్యేక యాడ్-ఆన్ లేనివారికి ఆ క్లెయిమూ క్లెయిమే. ఇది అన్యాయమనే నా అభిప్రాయం.

ఫ్రాన్సులో పద్ధతి వేరు. అక్కడ ప్రతి మంచి ఏడాదికీ ప్రీమియం గుణకాన్ని 5 శాతం తగ్గిస్తారు, తప్పు పూర్తిగా డ్రైవరుదే అయిన ప్రమాదానికి 25 శాతం పెంచుతారు, తప్పు ఇద్దరిదీ అయితే అందులో సగమే. దొంగతనానికి పెంపు లేదు. ఏళ్ల తరబడి సంపాదించిన తగ్గింపు ఒక్కసారిగా ఊడిపోదు.

మన పద్ధతిలో ఉన్నవాళ్లకు మాత్రం చిన్న సొట్ట కూడా లెక్క చూసుకోవలసిన విషయమే. బోనస్ తీయకముందు ఓన్ డ్యామేజ్ ప్రీమియం ఏటా 10,000 అనుకుందాం. 50 శాతం బోనస్ ఉన్నవారు 5,000 కడతారు. క్లెయిమ్ వేస్తే మరుసటి ఏడాది 10,000, ఆ తర్వాత వరుసగా 8,000, 7,500, 6,500, 5,500 కట్టి, అప్పుడు గానీ పాత మెట్టుకు చేరరు. మొత్తం అదనపు భారం 12,500, జీఎస్టీ వేరే. బండి విలువ ఏటా తగ్గుతుంది కాబట్టి అసలు మొత్తం ఇంతకంటే కొంత తక్కువే ఉండొచ్చు. అయినా బంపర్ బాగుచేతకు ఆరువేలైతే షెడ్డులో సొంత డబ్బు ఇచ్చేయడమే మేలు. ఎలాగూ ప్రతి క్లెయిములో తప్పనిసరిగా మన వాటా వెయ్యో రెండు వేలో ఉంటుంది.

ఇలా చాలామంది సొంత డబ్బుతో సరిపెట్టుకోవడం వల్ల కంపెనీల లెక్కలోనూ ఒక లోపం వస్తుంది. చిన్న దెబ్బలు వాళ్ల రికార్డుకు ఎక్కవు. క్లెయిమ్ లేని మనిషంటే ప్రమాదం జరగని మనిషని అర్థం కాదు, అడగని మనిషి కూడా కావచ్చు. పెద్ద దెబ్బకు మాత్రం వెనకాడకండి, ప్రీమియం కట్టేది అందుకే. ఇంకో మాట: బోనస్ బండిది కాదు, యజమానిది. పాత కారు అమ్మేటప్పుడు బోనస్‌కు సర్టిఫికెట్ అడిగి తీసుకుంటే కొత్త కారుకు వాడుకోవచ్చు. పాలసీ గడువు ముగిసి 90 రోజులు దాటేదాకా రెన్యువల్ చేయకపోతే ఆ బోనస్ పోతుంది.