సప్లయ్ వ్యాకోచత్వం

ధర పెరిగినప్పుడు సరుకు సరఫరా ఎంత మేరకు పెరగగలదో చెప్పే కొలమానమే సప్లయ్ వ్యాకోచత్వం. ఇందిరమ్మ ఇళ్ల వార్తల్లో ఇటుక, సిమెంటు ధరల మాట వచ్చినప్పుడల్లా అసలు తెలియాల్సిన పదం ఇదే.

2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైన ఈ తెలంగాణ ప్రభుత్వ గృహ నిర్మాణ పథకం కింద ఒక్కో ఇంటికి రూ.5 లక్షల సాయం అందుతుంది. తొలి విడతలో నియోజకవర్గానికి 3,500 ఇళ్లు లక్ష్యం. పునాది, గోడలు, స్లాబు పూర్తయ్యేకొద్దీ సొమ్ము ఖాతాలో పడుతుంది. అందువల్ల జహీరాబాద్ నియోజకవర్గంలోని కోహీర్ వంటి మండలంలో చాలా కుటుంబాలు ఒకే సమయంలో ఇటుక, ఇసుక, మేస్త్రీ కోసం వెతుక్కోవాల్సి వస్తుంది.

సిమెంటు లారీల్లో దూరం నుంచైనా వస్తుంది. ఫ్యాక్టరీలో ఖాళీ సామర్థ్యం ఉంటే ఉత్పత్తీ పెరుగుతుంది. దాని వ్యాకోచత్వం ఎక్కువ. ఇటుక బట్టీ వానాకాలంలో ఆగిపోతుంది, మంచి మేస్త్రీ నెల రోజుల్లో తయారుకాడు. ఇక్కడ వ్యాకోచత్వం తక్కువ కాబట్టి ధర, కూలి పైకి లేస్తాయి. సాయం మాత్రం అదే రూ.5 లక్షలు. అందులో కొంత పెరిగిన ధరల రూపంలో అమ్మేవారికి చేరుతుంది. ఏ సాయమూ లేకుండా ఇల్లు కట్టుకునేవారూ ఆ పెరిగిన ధరే చెల్లిస్తారు.

పన్నుకూ ఇదే సూత్రం. సిమెంటుపై జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపులో కొనేవారి వాటా ఎంతన్నది కూడా చాలావరకు ఈ వ్యాకోచత్వంపైనే ఆధారపడుతుంది.