వార్తల్లో పదం: వెయిట్ బేరింగ్ సీటీ

మోకీళ్ల అరుగుదల గురించిన వార్తల్లో కనిపిస్తున్న మాట ‘వెయిట్ బేరింగ్ సీటీ’. మనిషి నిలబడి ఒంటి బరువు కాళ్లపై మోపినప్పుడు కీలును త్రీడీలో చిత్రించే స్కాన్ ఇది.

మామూలుగా సీటీ, ఎంఆర్‌ఐ పడుకోబెట్టి తీస్తారు. మోకాలు సతాయించేదేమో మెట్లెక్కేటప్పుడు, లేచి నిలబడేటప్పుడు! ‘గుజ్జు అరిగిపోయింది’ అంటుంటామే, ఆ మృదులాస్థి మందం కొద్ది మిల్లీమీటర్లే. అందులో ఎక్కువ భాగం నీరు. బరువు పడితే అణిగి పలచబడుతుంది, బరువు తీసేస్తే నెమ్మదిగా కోలుకుంటుంది. అందుకే, పడుకున్నప్పుడు ఎడంగా కనిపించిన ఎముకలు నిలబడగానే దగ్గరపడొచ్చు.

ఈ స్కాన్‌కి యంత్రంలో కాలు పెట్టి, కదలకుండా నిలబడాలి. ఎక్స్‌రే గొట్టం, ఎదురుగా డిటెక్టర్ మోకాలి చుట్టూ తిరుగుతాయి. నిమిషంలోపే పని అయిపోతుంది. ఒక చిక్కుంది. ఇందులో ఎముక బాగా తెలుస్తుంది గానీ మృదులాస్థి విడిగా కనబడదు. ఎముకల మధ్య ఖాళీని కొలిచి అంచనా కడతారు. నేరుగా చూడాలంటే కీలులోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించాలి.

నిలబెట్టి తీసే ఎంఆర్‌ఐ కూడా ఉంది. రేడియేషన్ ఉండదు. అయితే ఆ యంత్రాల అయస్కాంత శక్తి సాధారణంగా 1 టెస్లా లోపే కాబట్టి బొమ్మలో స్పష్టత తగ్గుతుంది, సమయం ఎక్కువ పడుతుంది. నొప్పితో ఉన్నవారు అంతసేపు కదలకుండా నిలబడటం కష్టమే.

మోకాలి నొప్పితో వచ్చే అందరికీ వెయిట్ బేరింగ్ సీటీ అక్కర్లేదు. చాలామందికి నిలబెట్టి తీసే మామూలు ఎక్స్‌రే సరిపోతుంది. ఈసారి మోకాలికి ఎక్స్‌రే రాస్తే, నిలబడి తీయించుకోవాలా అని డాక్టరును అడగండి.