560 కిలోమీటర్లు, 317 సెకండ్లు

తిరుపతి నుంచి హైదరాబాదుకు రోడ్డు మీద ఇంచుమించు 560 కిలోమీటర్లు. రాత్రి బస్సు ఎక్కినవారు తెల్లవారాక దిగుతారు. రేణిగుంటలో విమానమెక్కితే గంట పైచిలుకు ప్రయాణం. అంత దూరాన్నీ శ్రీహరికోట నుంచి లేచిన మన తొలి ఉపగ్రహ వాహక రాకెట్ 317 సెకండ్లలో, అంటే అయిదుంబావు నిమిషాలలో దాటింది. అయితే అది చేరింది అంతరిక్షానికి కాదు, బంగాళాఖాతం అడుక్కు.

1979 ఆగస్టు 10న జరిగిన సంగతి ఇది. ఆ రాకెట్ పేరు ఎస్.ఎల్.వి.-3, బరువు 17 టన్నులు. మొదటి దశ చక్కగా మండింది. రెండవ దశలో రాకెట్టును అదుపులో ఉంచవలసిన ఆమ్లం ఒక కవాటం పాడై ముందే కారిపోయింది. దాంతో అది దారి తప్పింది. పథకానికి సారథి అబ్దుల్ కలామ్. అయినా విలేఖరుల ముందుకు ఇస్రో అధ్యక్షులు సతీష్ ధావన్ తామే వచ్చి బాధ్యతను నెత్తిన వేసుకున్నారు. ఏడాది తిరగకముందే, 1980 జూలై 18 ఉదయం, అదే రకం రాకెట్ 35 కిలోల రోహిణిని కక్ష్యలో నిలిపింది. ఈసారి మాత్రం పత్రికలవారితో మాట్లాడమని కలామ్‌నే పంపారు. 2002 నుంచి కేంద్రానికి ఉన్నది ధావన్ గారి పేరే.

కక్ష్యలో తిరగాలంటే సెకండుకు ఏడున్నర కిలోమీటర్లకు పైగా వేగం కావాలి. ఆ వేగాన సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు మూడు సెకండ్లు చాలు. పులికాట్ మీదుగా రోడ్డు పడకముందు అదే దూరానికి పడవే గతి. 1969లో ఈ దీవిని ఎంపిక చేశాక, తరతరాలుగా ఇక్కడి అడవిని, నీటిని నమ్ముకుని బతికిన యానాదుల కుటుంబాలు ఎన్నో ఇల్లు విడిచి వెళ్ళవలసి వచ్చింది. చరిత్ర రాసేవారు ఈ మాటను ఒక్క వాక్యంతో సరిపెడుతుంటారు. అది న్యాయం కాదు.

ఇక్కడి నుంచి తూర్పుగా వదిలితే భూభ్రమణం వల్ల గంటకు సుమారు 1,600 కిలోమీటర్ల వేగం ఉచితంగా కలిసివస్తుంది. ఎదురుగా ఉన్నది సముద్రమే గనుక కాలిన దశలు పడినా ఎవరికీ ప్రమాదం లేదు. చిక్కంతా దక్షిణంగా, ధ్రువాల మీదుగా పోవలసిన ఉపగ్రహాలతోనే. దారిలో శ్రీలంక అడ్డు. అందుకని పి.ఎస్.ఎల్.వి. ముందు ఆగ్నేయంగా పోయి, ఆ తర్వాత దక్షిణానికి మళ్ళుతుంది. మన బండి ఊరి చెరువు చుట్టి పోయినట్టే. ఆ మలుపుకు ఇంధనం ఖర్చవుతుంది, మోయగల బరువు తగ్గుతుంది.

ఈ చుట్టు తప్పించడానికే తమిళనాడులోని కులశేఖరపట్టణంలో మరో ప్రయోగ కేంద్రానికి 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగింది. అది చిన్న రాకెట్ల కోసమే. సూళ్ళూరుపేటవారు బెంగపడనక్కరలేదు. శ్రీహరికోటలో మూడవ ప్రయోగ వేదికకు కేంద్ర మంత్రివర్గం 2025 జనవరిలో ఆమోదం తెలిపింది.