జలపాతము - ఉష్ణమాపకము

విశాఖపట్నములోని మల్కాపురమున నివసించు మాకు సముద్రము, నూనెశుద్ధి కర్మాగారపు పొగగొట్టములు నిత్యము కంటికెదురుగా ఉండునవే. కొండవాగులు చూడవలెనన్న తూర్పు కనుమలకు పోవలసినదే. అందుచేత ఒక శని, ఆదివారములలో నేనును నా భార్యయు ఒకే నదిని రెండు చోట్ల చూచి వచ్చితిమి. ఆ నది గోస్తని. అది అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహలగుండ ప్రవహించి, భీమునిపట్నమువద్ద సముద్రములో కలియును.

శనివారమునాడు రైలులో బొర్రా చేరి, కటికి జలపాతమునకు పోయితిమి. దూకుచున్న నీటిలో చేయిపెట్టి నా భార్య ఇట్లడిగినది: "ఏమండీ! సుత్తితో కొట్టిన మేకు వేడెక్కునని పిల్లలకు చెప్పుదురు కదా! ఇంత ఎత్తునుండి రాతిపై పడిన నీరు చల్లగా ఉన్నదేమి?"

ఈ ప్రశ్నకు పెద్ద చరిత్ర కలదు. 1847లో జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు వివాహము చేసికొని, భార్యతో ఆల్ప్స్ పర్వతప్రాంతమునకు వెళ్లెను. అచట విలియమ్ థామ్సన్ ఆయనకు తటస్థపడెను. ఈ థామ్సనే తరువాత కెల్విన్ ప్రభువని ప్రసిద్ధుడైనాడు. ఆనాడు జౌల్ చేతిలో పొడవైన ఉష్ణమాపకము ఉండెనని థామ్సన్ పిదప చెప్పెను. ఇద్దరును సలాంష్ జలపాతమువద్ద నీటి ఉష్ణోగ్రత కొలువబోయిరి. కాని నీరు తుంపరలై చెదరిపోవుటచే ప్రయత్నము ఫలింపలేదు.

జౌల్ ఆలోచన సరియైనదే. ఎత్తున ఉన్న నీటికి స్థితిశక్తి కలదు. పడునప్పుడు అది గతిశక్తిగా మారును; క్రింద తాకినపుడు అందు చాల భాగము ఉష్ణమగును. కాని నీటి విశిష్టోష్ణము మిక్కిలి ఎక్కువ. లెక్క కట్టినచో, నీరు 1 డిగ్రీ సెంటీగ్రేడు వేడెక్కుటకు సుమారు 427 మీటర్లు పడవలెను. 40 మీటర్లు పడిన నీరు డిగ్రీలో పదవవంతైనను వేడెక్కదు.

ఆ స్వల్పమైన వేడియు నిలువదు. తుంపరలనుండి వేగముగల అణువులు ముందుగా గాలిలోనికి పోవును. మిగిలినవాని సగటు వేగము తగ్గును, నీరు చల్లబడును. 1 గ్రాము నీరు ఆవిరియగుటకు దాదాపు 580 క్యాలరీలు కావలెను. కావున కిలోగ్రాము నీటిలో గ్రాములో ఐదవవంతు ఆవిరియైనచో, 40 మీటర్ల పతనమువలన కలిగిన వేడి అంతయు హరించుకొనిపోవును. గాలి తేమతో నిండియున్న దినమున మాత్రము ఈ పని మందగించును.

ఆదివారము విజయనగరము జిల్లాలోని తాటిపూడి జలాశయమును చూచితిమి. 1960వ దశకములో గోస్తనికి అడ్డముగా కట్టిన ఈ జలాశయము పొలములకేగాక విశాఖ నగరమునకును నీరిచ్చుచున్నది. జలపాతమువద్ద హాయి గొలిపిన ఆవిరియే ఇచట నష్టమగుచున్నది. ఒక హెక్టారు విస్తీర్ణముమీద ఒక్క మిల్లీమీటరు నీరు ఆవిరియైన, 10,000 లీటర్లు పోయినట్లే. వేసవిలో కుళాయివద్ద బిందెలు పట్టుకొని వేచియుండువారికి ఈ అంకె విలువ తెలియును.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక ప్రయోగము చేయింపవచ్చును. మీటరు పొడవుగల అట్టగొట్టములో సీసపు గుండ్లు పోసి, రెండు కొనలకును బిరడాలు బిగించి, 50 మార్లు త్వరత్వరగా తలక్రిందులు చేయవలెను. సీసపు విశిష్టోష్ణము నీటిదానిలో సుమారు 33వ వంతే. అందుచే లెక్కప్రకారము గుండ్లు 3.8 డిగ్రీలు వేడెక్కవలెను. గొట్టము కొంత వేడిని గ్రహించుటచే కొలత తక్కువగా వచ్చును. సీసము విషపదార్థము గనుక పిమ్మట చేతులు కడుగుకొనుట మరువరాదు. జలపాతమువద్ద జౌల్‌కు చిక్కని కొలత ఈ విధముగా మన విద్యార్థులకు చిక్కగలదు.