నిజాంసాగరముమీఁద విమానము

మొన్నటి సెలవులలో మా చిన్నవాఁడు కంప్యూటరు ముందు కూర్చుండి "అమ్మా! మన యూరిమీఁద నెగురుచున్నాను, రా!" యని కేకవేసెను. పిండిచేతులతోనే పరుగెత్తితిని.

అది 2020వ సంవత్సరమున వెలువడిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ అను నాట. ఫ్రాన్సు దేశపు అసోబో సంస్థవారు నిర్మించిరి. ఉపగ్రహములును విమానములును తీసిన చిత్రములనుబట్టి భూగోళమంతయు నందు రచింపఁబడినది. ఇండ్లను మాత్రము చాలవఱకు యంత్రమే, చిత్రములలోని కప్పులను జూచి, ఊహించి కట్టును. అట్లు కట్టినవి సుమారు 150 కోట్లఁట! ఊహ గదా, తప్పులును గలవు. మెల్‌బోర్న్ నగరమున నొక యింటికి 2 అంతస్తులనుటకు మాఱుగా పటములో నెవరో 212 అని వ్రాయుటచే, ఆటలో నాకాశమంటు స్తంభమొకటి మొలచినది.

మహమ్మద్ నగరమున మా యింటికి అరుగు లేదు, తులసికోట లేదు. ఎవరి యిల్లో యనుకొని నవ్వుకొంటిని. మంజీర వంపును, 1931లో ముగిసిన నిజాంసాగరపు కట్టవెనుక నీటి విరివియు మాత్రము గుర్తుపట్టితిని.

ఇంతలో మా అత్తగారు కండ్లద్దములు సవరించుకొని దగ్గఱకు వచ్చిరి. ఆ జలాశయమున మునిగిన పల్లెలలో నొకటి వారి తల్లి పుట్టిన యూరు.

"బిడ్డా! కొంచెము క్రిందికి దింపుము. మా అమ్మమ్మ యిల్లు కనఁబడునేమో."

వాఁడు దింపెను. నీరే. ఇంకను దింపెను. విమానము నీటిని దాఁకి యాట యాగిపోయెను.

"వాకిట వేపచెట్టుండెడిదని మా అమ్మ చెప్పెడిది" అనుచు అత్తగారు నీటిలో నొకచోట వ్రేలు పెట్టి చూపుచునే యుండిరి. వాఁడు మఱల నాడలేదు. కాగితము తెచ్చి, ఆ చెట్టెక్కడ, బావి యెక్కడ యని యడిగి గీయసాగెను.