జాజ్ నోట రామనామం

గుంటూరును ఆనుకుని వున్న నల్లపాడు చుట్టుపట్ల, మిరపకోతల రోజుల్లో, రాత్రి భోజనాలయ్యాక ఏదైనా రామమందిరం దగ్గర కాసేపు నిలబడండి. ఒకరు హార్మోనియం మెట్లు నొక్కుతూ నామం ఎత్తుకుంటారు. పదిమందీ అందుకుంటారు. మొదట నింపాదిగా, పోనుపోను జోరుగా సాగి, చివరకు తాళాల మోతలో పాడేదెవరో వినేదెవరో తెలియకుండా పోతుంది.

ఈ భజనకూ అమెరికా జాజ్ సంగీతానికీ చుట్టరికం వున్నదంటే మీరు నవ్వవచ్చు. జాజ్ అనగానే మనకు తోచేది సినిమాలో క్లబ్బు డాన్సు. కాని అందులో భక్తి పాయ ఒకటున్నది. అది మన పుట్టపర్తి దాకా వచ్చింది.

జాన్ కోల్ట్రేన్ పేరుమోసిన శాక్సఫోన్ విద్వాంసుడు. 1964లో 'ఎ లవ్ సుప్రీమ్' అనే రచనను భగవంతునికి కానుకగా రికార్డు చేశాడు. అందులో ఒకచోట వాద్యం ఆపి, ఆ మాటలనే జపంలా పదే పదే పలుకుతాడు. 1967 జూలైలో, నలభై ఏళ్ళకే, కాలేయపు క్యాన్సర్‌తో కన్నుమూశాడు. భార్య ఆలిస్‌కు ముప్ఫై నిండలేదు. నలుగురు పిల్లలు. ఆమెకు నిద్ర కరువైంది. మనిషి చిక్కి సగమైంది.

ఆ దుఃఖంలో ఆమెకు దారి చూపినవారు కోయంబత్తూరు ప్రాంతంలో పుట్టిన స్వామి సచ్చిదానంద. 1971లో ఆయన పేరు మీద ఆమె చేసిన రికార్డులో, హార్ప్ అనే తీగవాద్యం వెనుక తంబురా శ్రుతి వినిపిస్తుంది. అదే ఏడు మరో రికార్డులో 'సీతారామ్', 'హరే కృష్ణ' నామాలను వాద్యాల మీద పలికించింది. తరువాత సత్య సాయిబాబా భక్తురాలై, 1983లో కాలిఫోర్నియా కొండల నడుమ 'సాయి అనంతం' ఆశ్రమం నెలకొల్పింది.

అక్కడ ఆదివారం భజనలు. పాడేవారిలో ఎక్కువమంది నల్లజాతివారు. నామాలు మనవి, గొంతులోని జీర, చప్పట్ల ఊపు వారి చర్చివి. వింతేమీ లేదు. ఆలిస్ డెట్రాయిట్‌లో పెరిగే రోజుల్లోనే చర్చిలో వాయించేది. అక్కడా ఒకరు పలికితే సభ బదులు పలుకుతుంది. ఇక భజన ఆమెకు పరాయిదెట్లా అవుతుంది?

భజనకు ఆర్గన్, సింథసైజర్ ఏమిటని ముఖం చిట్లించేవారుంటారు. మన హార్మోనియం మాత్రం ఎక్కడిది? పందొమ్మిదో శతాబ్దంలో ఐరోపా నుంచి వచ్చిందే! ఇప్పుడది లేనిదే భజన లేదు.

1982-1995 మధ్య ఆమె నాలుగు భజన కాసెట్లు చేసింది. అవి అంగళ్ళ కోసం కాదు, ఆశ్రమంవారి కోసం. 2007లో ఆమె మరణించింది. ఆ పాటల్లో కొన్ని 2017లో లోకమంతటికీ విడుదలైనాయి. మరుసటి ఏడు నవంబరులో కార్చిచ్చు వచ్చి ఆశ్రమాన్ని కాల్చివేసింది. పాట మిగిలింది.

ఈసారి మందిరం దగ్గర ఆగినప్పుడు, పాడేవారినే కాదు, వెనుక అరుగు చివర ఒంటరిగా కూర్చున్న మనిషిని కూడా చూడండి. పైకి వినపడకపోయినా, ఆ పెదవులు బదులు పలుకుతూ వుంటాయి.